చెప్పి వెళ్ళడం

ఆ బడిలో గలగల టీచర్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా మాట్లాడుతుంది. ఆ మాటల మధ్యలోనే ఒకడి ముక్కు తుడుస్తుంది, ఇంకొకడి బూటు తాడు కడుతుంది, కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీస్తుంది. శిశుతరగతికి ఆవిడే పెద్ద దిక్కు. కొత్తగా చేరిన పిల్లలు తల్లి కాళ్ళు చుట్టేసుకుని గుక్కపెట్టి ఏడుస్తుంటే మిగతా టీచర్లు మెల్లగా తప్పుకుంటారు. ఈవిడ మాత్రం రంగంలోకి దిగుతుంది.

"అయ్యో, అటు చూడు! ఆ కిటికీ మీదకి ఎవరొచ్చారో!" అంటూ పిల్లని అటు తిప్పుతూనే తల్లికి కంటితో సైగ చేస్తుంది. తల్లి పిల్లిలా జారుకుంటుంది. కిటికీ మీద ఎవరూ ఉండరు. కానీ అప్పటికే పిల్ల చేతిలో రబ్బరు బాతు ఉంటుంది. "ఏమార్చడం కూడా ఒక విద్యేనమ్మా," అని ఆవిడ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ విద్యలో ఆవిడకి సాటి వచ్చేవాళ్ళు లేరన్నది నిజమే.

అలాంటి మనిషిని హెడ్‌మాస్టర్ పిలిచి, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల కోసం బడిలో కొత్త గది తెరుస్తున్నామనీ, అందుకు ఆవిడ శిక్షణ తీసుకోవాలనీ చెప్పాడు. ఆవిడ కాసేపు నోరు మెదపలేదు. ఆ బడిలో అది చెప్పుకోదగ్గ సంగతే.

"నేనా సార్? నాకున్న ఆస్తల్లా ఈ నోరేగా. వినపడని పిల్ల దగ్గర దీన్నేం చేసుకోను?"

"మీకు ఓపిక కూడా ఉందమ్మా," అన్నాడాయన. "నోరు ఇంట్లో పెట్టి అదొక్కటే పట్టుకు రండి."

శిక్షణ పాత లైబ్రరీ గదిలో. అల్మారాలు గోడకి నెట్టేసి, నేల మీద చాపలు పరిచి, మధ్యలో ఒక పొట్టి బల్ల వేశారు. నేర్చుకోవడానికి వచ్చింది ఇద్దరే. ఒకరు ఈవిడ, రెండోవాడు డ్రిల్లు మాస్టారు. నిలువెత్తు మనిషి, ఆ గదిలో కూడా మెడలో ఈల వేలాడుతూనే ఉంది. నేర్పడానికి వచ్చిన శిక్షకురాలు సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఒక మాట అన్నాక రెండో మాటకి తొందరపడదు. గలగల టీచర్‌కి ఆ పద్ధతి చూస్తేనే ఒళ్ళంతా దురద పెట్టింది.

పిల్ల కూడా మొదటి రోజే వచ్చింది. తొమ్మిదేళ్ళు ఉంటాయి, తల ఒక పక్కకి వాల్చి నడుస్తుంది. తల్లి ముద్దుగా 'పిట్ట' అంటుంది కాబట్టి అందరికీ పిట్టే అయింది. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు, వినికిడి లేదు. తెలివికి మాత్రం లోటు లేదు. ఒకసారి తడిమిన వస్తువుని మళ్ళీ తడమక్కర్లేదు. వాసన చూసి మనిషిని పోల్చుకుంటుంది. ఎడమచెయ్యి మాత్రం ఎప్పుడూ తల్లి చిటికెనవేలి మీదే ఉంటుంది. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా తల్లి ఒంటిచేత్తోనే కానిచ్చేస్తుంది. రెండో చెయ్యి పిట్ట సొత్తు.

ఆ రోజు బల్ల మీద గిన్నెలో పిండి, చెంబుతో నీళ్ళు పెట్టారు. గలగల టీచర్ అలవాటు కొద్దీ ముందుకు వంగి, పిట్ట కుడిచేతిని తన గుప్పిట్లోకి తీసుకుని గిన్నెలో ముంచబోయింది. పిట్ట చెయ్యి లాగేసుకుని తల్లి వెనకాల నక్కింది.

"ఎన్ని వందలమంది చేత అక్షరాలు దిద్దించిన చెయ్యో తెలుసా ఇది!" అని నొచ్చుకుంది ఆవిడ.

"ఆ పిల్లకి కళ్ళూ చెవులూ నోరూ అన్నీ ఆ చేతులేనండీ," అంది శిక్షకురాలు. "మీరు పైనుంచి పట్టేస్తే అన్నీ ఒకేసారి మూసేసినట్టు. మీ చెయ్యి కింద పెట్టండి. దాని మీద చెయ్యి వెయ్యాలో వద్దో తనే చూసుకుంటుంది."

"ఇన్నేళ్ళూ పైనే ఉన్న చెయ్యండీ నాది."

"కొన్నాళ్ళు కింద కూర్చోబెట్టండి. ఏమీ అనుకోదు."

డ్రిల్లు మాస్టారు కిసుక్కున నవ్వాడు. నవ్వినవాడి సంగతీ అంతే అయింది. ఆయన చెయ్యి కింద పెట్టి కూర్చుంటే తిమ్మిరెక్కింది తప్ప పిట్ట చెయ్యి రాలేదు. ఇద్దరూ అలా రోజుల తరబడి అరచేతులు పిండిలో పెట్టుకుని కూర్చున్నారు. తానెవరో పిట్టకి తెలియడానికి గలగల టీచర్ రోజూ వచ్చీరాగానే తన గడియారం పట్టీని పిట్ట వేళ్ళకి అందించేది. గళ్ళు గళ్ళుగా ఉండే ఇనప పట్టీ అది. డ్రిల్లు మాస్టారు ఈల తాడు అందించేవాడు. చివరికి ఒకరోజు, పిండి పిసుకుతున్న గలగల టీచర్ చేతి మీద పిట్ట చెయ్యి వాలింది. మొదట ఒక వేలు, తర్వాత నాలుగూ. పిండి ముద్ద అయ్యేదాకా ఆ చెయ్యి దిగలేదు. ఆవిడ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ సంగతి భర్తకి మూడుసార్లు చెప్పింది.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం పిట్ట నిద్రపోతుంటే, వేలు విడిపించుకోకుండానే తల్లి గోడకి జారగిలబడి చెప్పింది. కడుపులో గడ్డ. ఆపరేషన్‌కి ఇప్పటికే రెండుసార్లు రోజు ఖాయం చేశారు. రెండుసార్లూ తనే మానుకుంది.

"రాత్రుళ్ళు వాళ్ళ నాన్న చూసుకుంటారు టీచర్. తినిపిస్తారు, పడుకోబెడతారు. పగలు ఆయన బండి మీద ఉండాలి. దీన్ని ఎవరి చేతిలో పెట్టను? ఈసారి కూడా వాయిదా వేస్తే ఇక మా చేతుల్లో ఏం లేదని డాక్టరు గారు ముఖం మీదే చెప్పేశారు. వచ్చే నెల మొదట్లో రమ్మన్నారు. అప్పటికి ఇది నేను లేకుండా ఇక్కడ ఉండగలిగితే వెళ్తాను. లేకపోతే..."

"లేకపోతే గీకపోతే ఏం లేదు," అంది గలగల టీచర్. "నువ్వు వెళ్తున్నావు, అంతే. పిట్ట సంగతి నాకొదిలెయ్."

మాటివ్వడం ఆవిడకి ఎప్పుడూ ఆలస్యం కాదు.

రోజులు దగ్గరపడుతున్న కొద్దీ ఆ మాట గొంతులో ముల్లులా తగులుకుంది. పిట్ట చక్కగా పిండి పిసుకుతోంది, కమలాపండు తొక్క వలుస్తోంది, కానీ ఎడమచెయ్యి వేలిని వదలదు. అలా ఉండగా, శిక్షకురాలు హెడ్‌మాస్టర్‌తో మాట్లాడ్డానికి వెళ్ళిన ఒక ఉదయం, పిండి మరీ జారుగా అయిపోయింది. పిట్టకి ఆ జారుడు ఎంత నచ్చిందంటే, తల్లి వేలు వదిలేసి రెండు చేతులూ గిన్నెలో పెట్టేసింది. గలగల టీచర్ తల ఎత్తింది. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా? తల్లికి కంటితో సైగ చేసింది.

తల్లి తటపటాయించింది.

"వెళ్ళు, వెళ్ళు. నేనున్నాగా."

"అక్కా, ఆవిడ వచ్చాక అడిగి చేద్దామేమో," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఊరుకో తమ్ముడూ. నాకు ఇది వెన్నతో పెట్టిన విద్య."

తల్లి అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. కాసేపు అంతా బాగానే ఉంది. తర్వాత పిట్ట ఎడమచెయ్యి గిన్నెలోంచి తీసి, ఎప్పుడూ వేలు ఉండే చోటికి చాపింది. అక్కడ ఏమీ లేదు. ఇంకొంచెం చాపింది. కళ్ళున్న పిల్లయితే గుమ్మం వైపు చూసేది. చెవులున్న పిల్లయితే పిలిచి బదులు కోసం ఆగేది. పిట్ట మోకాళ్ళ మీద పాకుతూ నేలంతా తడిమింది. బల్ల కోడు, చాప అంచు, గోడ. డ్రిల్లు మాస్టారి బూట్లు తగిలితే తడిమి వదిలేసింది. గది మూలకి చేరి, గోడకి వీపు ఆనించుకుని, తన మణికట్టు తనే కొరుక్కోవడం మొదలుపెట్టింది. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

గలగల టీచర్ పరుగున వెళ్ళి గడియారం పట్టీ అందించింది. పిట్ట ఆ గళ్ళు తడిమి, ఆవిడే అని పోల్చుకుని, ఆ చేతిని రెండు చేతులతో తోసేసింది.

తల్లిని వెంటనే పిలుచుకొచ్చారు. పిట్ట ఆమె మోచేతిని పట్టుకుని సాయంత్రం దాకా వణికింది. పిండి గిన్నె దగ్గరికి పెడితే తన్నేసింది.

శిక్షకురాలు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని గలగల టీచర్‌కి అనిపించింది.

"మీ శిశుతరగతి పిల్లలకి అమ్మ వెళ్ళిందని తెలుసు కాబట్టి ఏడుస్తారు. ఈ పిల్లకి అమ్మ వెళ్ళిందన్న సంగతి ఎవరు చెప్పారు? ఉన్న అమ్మ ఉన్నట్టుండి లేకుండా పోయింది. అమ్మే అలా పోతే, రేపు గోడా నేలా మాత్రం ఉంటాయని ఏం నమ్మకం?"

గలగల టీచర్ చేసంచి తీసుకుని లేచింది. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఇంట్లో భర్త కూరగాయలు తరుగుతున్నాడు. ఆవిడ చేసంచి పడేసి, తువ్వాలు తీసి కళ్ళకి గట్టిగా కట్టుకుంది, చెవుల్లో దూది కుక్కుకుంది, దాని మీద ఆయన చలికాలం టోపీ తొడుక్కుంది. "నాకు చూపూ వినికిడీ లేవండీ. భోజనం పెట్టండి," అంది.

"ఆ నోరు కూడా కట్టేసుకుంటే సరిపోయేది," అన్నాడాయన. ఆవిడకి వినపడలేదు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు, పళ్ళెం అంచు తగిలించాడు, ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ తింటూ పిట్ట సంగతి మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆయన ఆవిడ చేతి మీద తడుతుంటే, వింటున్నాడన్న భరోసాతో అంతా చెప్పుకుపోయింది. నేలంతా ఎలా తడిమిందో, చెయ్యి ఎలా తోసేసిందో. "ఇంక నా మొహం ఆ పిల్లకి ఎలా చూపించను? ఏమంటారు?" అంది. తట్టలేదు. "ఏమండీ?" అంది. చెయ్యి చాపింది. గ్లాసు దొర్లింది. నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. బల్ల చుట్టూ తడుముకుంటూ వెళ్ళి ఎదుటి కుర్చీ అందుకుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది, మనిషి లేడు. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న ఇంట్లో తలుపు ఏ వైపు ఉందో ఆవిడకి తెలియలేదు. ఒక్క క్షణంలో తువ్వాలు లాగేయొచ్చు. లాగబోయిన చెయ్యి ఆగిపోయింది. పిట్టకి లాగేసుకోవడానికి ఏముంది?

భుజం మీద చెయ్యి పడేసరికి ఆవిడ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు తీశారు.

భర్త తువ్వాలు విప్పాడు. "కింద గేటు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళానే! ఇప్పుడే వస్తానని నీకు చెప్పే కదా వెళ్ళాను!"

"ఎవరికి చెప్పారు?" అంది ఆవిడ, ఆయన చొక్కా పట్టుకుని. "ఎవరికి చెప్పారండీ?"

మర్నాడు గదిలోకి వస్తూనే ఆవిడ పిట్ట తల్లి పక్కన చతికిలబడింది.

"నేను దీన్ని మోసం చేశాను. నీ చేత కూడా చేయించాను. నువ్వు వెళ్తున్నావని దీనికి నువ్వే చెప్పాలి. చెప్పాకే కదలాలి."

"ఎలా చెప్పను టీచర్?"

నలుగురూ కూర్చుని ఆలోచించారు. ఎప్పుడూ మారని ఒకే స్పర్శ కావాలంది శిక్షకురాలు. గలగల టీచర్ డ్రిల్లు మాస్టారి చెయ్యి తీసుకుని, అరచేతి మధ్యలో తన వేళ్ళు ఆనించి, అతని వేళ్ళ కొసల దాకా జార్చి, వదిలేసింది. "ఇదిగో. వెళ్తున్నా."

తల్లి ముఖం వాడిపోయింది. "వెళ్తున్నా అని ఎవరైనా అంటారా టీచర్? వెళ్ళొస్తా అనాలి కదా."

"అవునక్కా," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "వెళ్తున్నా అంటే మా అమ్మమ్మ గుమ్మంలోంచి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మళ్ళీ చెప్పించేది."

అందుకని రెండో సగం చేర్చారు. కొసల దాకా జారి వెళ్ళిపోయిన వేళ్ళు మళ్ళీ కొసల మీదుగా వెనక్కి వచ్చి అరచేతి మధ్యలో ఆగి, గట్టిగా ఒత్తుతాయి. శిక్షకురాలు మొదటిసారి నోరారా నవ్వింది. "బాగుంది. కానీ రెండో సగం చెప్పినవాళ్ళు తిరిగి రావాలి. ప్రతిసారీ."

ముందు గలగల టీచర్‌తోనే మొదలుపెట్టారు. పట్టీ తగిలించడం, అరచేతిలో చెప్పడం, గుమ్మం దాకా వెళ్ళి తిరిగి రావడం. పిట్ట పట్టించుకోలేదు. ఆవిడ చేతిని రానివ్వను కూడా లేదు. దుకాణం తెరిచి బేరం లేక కూర్చున్న మనిషిలా, ఆవిడ బల్ల మీద అరచెయ్యి పరుచుకుని కూర్చునేది. మాట్లాడేది కాదు. వెళ్ళేటప్పుడు పిట్ట మోచేతి మీదే ఆ జారుడు చెప్పేది, వచ్చినప్పుడు మళ్ళీ ఒత్తేది. మంచినీళ్ళకి వెళ్ళినా అంతే, చాక్‌పీసుకి వెళ్ళినా అంతే. ఒకరోజు ఆవిడ వెళ్ళి వచ్చేసరికి పిట్ట అరచెయ్యి తెరుచుకుని ఉంది. ఆ ఒత్తు కోసం ఎదురుచూస్తోంది.

తర్వాత తల్లి చెప్పి వెళ్ళడం మొదలైంది. వరండా దాకా, తర్వాత గేటు దాకా. పిట్ట ఈసారి గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక డ్రిల్లు మాస్టారు, "పోనీ ఏదైనా ఇచ్చి మరిపిద్దామా?" అన్నాడు.

"ఏడవనివ్వండి," అంది శిక్షకురాలు. "మొన్న ఏమైందో తెలియక చెయ్యి కొరుక్కుంది. ఇవాళ అమ్మ వెళ్ళిందని ఏడుస్తోంది."

ఆ మాట విన్నాక గలగల టీచర్‌కి ఆ ఏడుపు శిశుతరగతి మొదటిరోజు ఏడుపులాగే వినిపించింది. ఒక పిల్ల ఏడుస్తుంటే మనసు కుదుటపడటం ఆవిడకి అదే మొదలు.

ఆసుపత్రికి వెళ్ళే రోజు రానే వచ్చింది. తండ్రి గేటు దగ్గర బండి ఆపి ఉంచాడు. తల్లి భుజాన సంచీతోనే గదిలోకి వచ్చి, పిట్ట ఎదురుగా కూర్చుని, దాని అరచెయ్యి తెరిచింది. వేళ్ళు కొసల దాకా జార్చింది. అక్కడ ఆగిపోయింది.

"టీచర్," అంది, తల ఎత్తకుండా. "రెండో సగం చెప్పనా? నేను రాకపోతే? దీనికి అబద్ధం చెప్పి పోయినదాన్ని అవుతానేమో."

'ఛ, అవేం మాటలు, గుండ్రాయిలా ఉన్నావు, నీకేమవుతుంది' అన్న మాట గలగల టీచర్ నాలుక చివరి దాకా వచ్చింది. ఎంతమందితో అనలేదు! కానీ అది కూడా ఏమార్చడమేనని ఆవిడకి ఆ క్షణాన తెలిసింది. మింగేసింది.

"నీకు తిరిగి రావాలని ఉందా?" అని అడిగింది.

"నాకు ఇంకేం కావాలి టీచర్?"

"అయితే అదే చెప్పు. ఏ గుమ్మం దాటేవాళ్ళయినా చెప్పగలిగేది అంతవరకేనమ్మా. నువ్వు వచ్చేదాకా దీని పక్కన నేనుంటా. ఒకవేళ ఏదైనా జరిగితే, అదీ దాచను."

తల్లి ఏడుస్తూనే వేళ్ళు వెనక్కి తెచ్చి పిట్ట అరచేతిలో ఒత్తింది. చాలాసేపు ఒత్తి, చిటికెనవేలు విడిపించుకుని వెళ్ళిపోయింది. పిట్ట గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, గడప మీద కూలబడి ఏడ్చింది. గలగల టీచర్ పక్కనే నేల మీద కూర్చుని అరచెయ్యి పరిచింది. పిట్ట దాన్ని కొట్టింది, తోసింది, గిల్లింది. ఆవిడ తియ్యలేదు. చివరికి పిట్ట ఆ అరచేతిలో తన చెంప పెట్టుకుంది.

తర్వాతి రోజుల్లో పిట్ట పొద్దున్నే వచ్చి టీచర్ అరచెయ్యి వెతుక్కుని, అందులో రెండో సగం ఒక్కటే చేసేది. కొసల నుంచి మధ్యకి. వచ్చిందా? ఆవిడ 'ఆగు' అన్నట్టు అరచెయ్యి పైకెత్తి పిట్ట అరచేతికి ఆనించి ఉంచేది. రావలసిన రోజుకి తల్లి రాలేదు. జ్వరం తగ్గలేదన్నారు. గేటు దగ్గర తండ్రి ముఖం రోజురోజుకీ పీక్కుపోతోంది. పిట్ట పూటకి పదిసార్లు అడుగుతోంది.

"పోనీ నా చిటికెనవేలు ఇవ్వనా అక్కా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు దిగులుగా. అరటిపండంత ఉన్న ఆ వేలిని చూసి ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "వద్దు తమ్ముడూ. ఇది అడుగుతున్నది వేలు కాదు," అంది. మళ్ళీ పిట్ట అరచేతికి తన అరచెయ్యి ఆనించింది. ఆగు. నాకూ తెలియదు. నేనూ ఆగుతున్నా.

ఒకరోజు పిండి కలుపుతుండగా గుమ్మంలో నీడ పడింది. తల్లి సగానికి సగం చిక్కిపోయింది, భర్త భుజం పట్టుకుని నిలబడింది. ఆమె మెల్లగా వచ్చి కూర్చుని, పిండి అంటిన పిట్ట అరచేతిలో కొసల నుంచి మధ్యకి వేళ్ళు తెచ్చి ఒత్తింది. పిట్ట కదలకుండా ఉండిపోయింది. తర్వాత ఆ చేతిని వాసన చూసింది, ముఖం తడిమింది, మెడ తడిమింది, చిటికెనవేలు దొరకబుచ్చుకుని ఒళ్ళోకి ఎక్కబోయింది. కుట్లున్న కడుపుని కాచుకుంటూ తల్లి గోడ దగ్గరికి జరిగి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. పిట్ట నోట్లోంచి సన్నని కూత లాంటి నవ్వు వచ్చింది.

గలగల టీచర్ దూరంగా జరిగి కూర్చుంది. పిట్ట వేలు పట్టుకున్న తీరు చూస్తే ఇక జన్మలో వదిలేలా లేదు. వదలకపోతేనేం, తల్లి వచ్చింది, అంతే చాలనుకుంది. చాలాసేపు అలాగే గడిచింది. గిన్నెలో పిండి ఎండిపోవడం మొదలుపెట్టింది.

అప్పుడు పిట్ట లేచి నిలబడింది. రెండో చేత్తో తల్లి అరచెయ్యి తెరిచింది. తన చిన్న వేళ్ళు మధ్యలో ఆనించి, తల్లి వేళ్ళ కొసల దాకా జార్చింది. మళ్ళీ వెనక్కి తెచ్చి గట్టిగా ఒత్తింది. చిటికెనవేలు వదిలేసింది. పాదంతో చాప అంచు తడుముకుంటూ, తల ఒక పక్కకి వాల్చి, బల్ల మీది పిండి గిన్నె వైపు నడిచింది.

తల్లి తెరిచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళలో కూతురు తనని వదిలి తనంతట తానుగా ఎక్కడికీ వెళ్ళలేదు.

"చెప్పి వెళ్ళింది టీచర్," అంది. "వెళ్ళొస్తానని నాకు చెప్పి వెళ్ళింది."